విదేశీ అధ్యక్షుడు వస్తే ఎవరు ఎటు నిలబడాలి? స్కూల్ ప్రదర్శన కోసం అడుగుతున్నా

కర్నూలు సోషల్ టీచర్

నమస్కారం అండి. కర్నూలు బీ క్యాంపు దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ చెప్తాను. రిపబ్లిక్ డేకి మా దగ్గర ఏటా అవే పాటలు, అవే డాన్సులు. ఈసారి తొమ్మిదో తరగతి పిల్లలు అడ్డం తిరిగారు. "మేడమ్, వేరే దేశం ప్రెసిడెంట్ వస్తే మన రాష్ట్రపతి స్వాగతం చెప్తారు కదా, అది వేస్తాం" అన్నారు. సరే అన్నాను. ఇప్పుడు రోజుకో సందేహం తెస్తున్నారు, నేను చూసిందేమో టీవీలో కనిపించినంతే.

అతిథి దేశం ఇండోనేషియా అనుకున్నాం. 1950లో మన మొదటి రిపబ్లిక్ డేకి వచ్చిన అతిథి ఆ దేశాధ్యక్షుడు సుకర్ణో. 2025లో ముఖ్య అతిథి కూడా అక్కడి అధ్యక్షుడే, ప్రబోవో సుబియాంతో. పైగా జెండా కుట్టడం తేలిక. పైన ఎరుపు, కింద తెలుపు, అంతే.

సందేహాలు ఇవి. అతిథి కారు ఒకటి ఉంటుంది (అట్టతో చేస్తున్నారు, చక్రాలు తిరగవు). దాని మీద ఏ జెండా ఏ వైపు ఉండాలి? రెండు జాతీయగీతాల్లో ఏది ముందు? మనది ముందు పెట్టకపోతే ఊరుకోనని ఒక అబ్బాయి నాతోనే వాదనకు దిగాడు. గౌరవ వందనం తీసుకునేటప్పుడు రాష్ట్రపతి అతిథి పక్కనే నిలబడతారా? ఇరవై ఒక్క తుపాకులు అంటారే, అవి తుపాకులా ఫిరంగులా? ఇరవై ఒకటే ఎందుకు? పిల్లలు అడిగితే "రేపు చెప్తాను" అని తప్పించుకున్నాను, ఆ రేపు వచ్చేసింది.

అన్నిటికంటే పెద్ద గొడవ పూర్ణకుంభం. అది లేకుండా స్వాగతం ఏంటమ్మా అంటారు మా హెడ్మాస్టర్ గారు. ఢిల్లీలో అట్లాంటివి ఉండవు, ఉన్నది ఉన్నట్టు చూపించాలి అంటారు ఇంకో సారు. ఇద్దరూ స్టాఫ్ రూములో మాట్లాడుకోవడం మానేశారు. దగ్గర నుంచి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

నంద్యాల చెక్‌పోస్ట్

మేడమ్, ముందు ఆ ఇద్దరు సార్లకు ఎవరు ఎవరికి నమస్కారం పెట్టాలో ప్రోటోకాల్ రాయండి. ఇండోనేషియా సంగతి తర్వాత చూసుకోవచ్చు.

మాజీ హవల్దార్, ప్రొద్దుటూరు

టీచర్ గారూ, నమస్తే. ఆర్మీలో హవల్దారుగా రిటైరై ఇప్పుడు ప్రొద్దుటూరులో ఉంటున్నాను. మా బెటాలియన్ ఢిల్లీలో ఉన్నప్పుడు రాష్ట్రపతి భవన్ ముందు గౌరవ వందనంలో ఆర్మీ వరుసలో నిలబడ్డాను. నిలబడినవాడికి ఎదురుగా ఉన్నదే కనిపిస్తుంది, మెడ తిప్పడానికి లేదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

ఎయిర్‌పోర్టు సీను పెట్టాలనుకుంటే అక్కడ రాష్ట్రపతిని పెట్టొద్దు. మామూలుగా అక్కడికి వెళ్లేది ఒక సహాయ మంత్రి, విదేశాంగ శాఖ ప్రోటోకాల్ అధికారులు. ప్రధాని స్వయంగా వెళ్తే అది పేపర్లో మొదటి పేజీ వార్త. 2015లో ఒబామాకు, 2019లో సౌదీ యువరాజుకు అట్లా వెళ్లారు. అసలు స్వాగతం రాష్ట్రపతి భవన్ ముందు వాకిట్లో జరుగుతుంది.

అతిథి కారును రాష్ట్రపతి అంగరక్షక దళం గుర్రాల మీద తోడుండి తీసుకొస్తుంది. ఈ దళాన్ని 1773లో వారెన్ హేస్టింగ్స్ కాశీలో మొదలుపెట్టాడు. రాజ్యాలు మారినా దళం ఉండిపోయింది. చేతుల్లో బల్లేలు, తలపాగాలు. గుర్రాలన్నీ ఒకటే గోధుమ ఎరుపు, బూర ఊదేవాడి గుర్రం ఒక్కటే బూడిద తెలుపు. మీరు అట్ట గుర్రాలు చేయిస్తే ఈ ఒక్క ముక్క మర్చిపోకండి, తెలిసినవాళ్లు దాన్నే చూస్తారు.

కారు ఆగగానే రాష్ట్రపతి, ప్రధాని ఎదురొచ్చి చేయి కలుపుతారు. తర్వాత అతిథి వేదిక మీదికి ఒక్కడే వెళ్తాడు. మీ ప్రశ్నకు జవాబు ఇదే, మన రాష్ట్రపతి పక్కన నిలబడరు. ఆ వందనం అతిథికి ఇస్తున్నది, పంచుకునేది కాదు. ఎదురుగా త్రివిధ దళాలు. "సలామీ శస్త్" అని కమాండర్ అరవగానే రైఫిళ్లన్నీ ఒకే చప్పుడుతో లేస్తాయి. ముందు అతిథి దేశం జాతీయగీతం, తర్వాత జనగణమన. మీతో వాదించిన అబ్బాయికి చెప్పండి, మనింటికి వచ్చినవాళ్ల పేరు ముందు చెప్పడం మనకు తక్కువ కాదు. గీతాలు అయ్యాక కమాండర్ కత్తితో కవాతు చేస్తూ వచ్చి, దళం తనిఖీకి సిద్ధంగా ఉందని చెప్పి, అతిథిని వరుస ముందు నుంచి నడిపించుకుని పోతాడు. చివర్లో పరిచయాలు. మన మంత్రులను, అధికారులను అతిథికి, అతిథి వెంట వచ్చినవాళ్లను మన రాష్ట్రపతికి. మొత్తం పావుగంట అటూ ఇటూ. అక్కణ్ణుంచి కార్లు రాజ్‌ఘాట్ వైపు కదులుతాయి.

కమాండర్ అంటే మగపిల్లాడే అనుకోకండి. 2015 జనవరిలో ఒబామా ముందు ఆ దళాన్ని నడిపింది వింగ్ కమాండర్ పూజా ఠాకూర్, ఆ పని చేసిన మొదటి మహిళా అధికారి. మీ క్లాసులో అందరికంటే గట్టి గొంతు ఎవరిదో వాళ్లకు ఇవ్వండి.

ఇక మేం నిలబడే సంగతి. బయట నుంచి చూస్తే బొమ్మల్లా ఉంటాం. బూట్ల లోపల మాత్రం కాలి వేళ్లు ఆడుతూనే ఉంటాయి. మోకాళ్లు బిగబట్టి నిలబడితే రక్తం కిందే ఆగి కళ్లు తిరుగుతాయి, ఢిల్లీ ఎండలో అది ఖాయం. కొత్తగా వచ్చినవాడికి పాతవాడు మొదట నేర్పేది ఇదే. మీ పిల్లలకు కూడా చెప్పండి, పొద్దున ఏదన్నా తినకుండా వరుసలో నిలబడనివ్వొద్దు. రిహార్సల్లో అతిథి ఉండడు కదా, ఎవరో ఒకరు అతిథిగా నడవాలి. మా దగ్గర ఒక క్లర్కుకు ఆ పని పడింది. రెండో రోజుకే ఆయన నడక మారిపోయింది, మమ్మల్ని చూసి తల పంకించడం మొదలుపెట్టాడు. నవ్వు ఆపుకోవడమే మాకు అసలు ట్రైనింగ్ అయింది.

ఈ హడావుడి అంతా దండగ అనేవాళ్లున్నారు. నాకు అట్లా అనిపించదు. మన పెళ్లిళ్లలో ఎదురుకోలు లాంటిదే ఇది. మగపెళ్లివారు దిగినప్పుడు ఎవరు ముందు నడవాలి, పానకం ఎవరు ఇవ్వాలి అన్నది తేలి ఉంటే ఏ పెద్దమనిషీ అలగడు. కొత్త చోటుకు వచ్చినవాడు ఎక్కడ నిలబడాలా అని దిక్కులు చూడకూడదు, ప్రోటోకాల్ అంతా అందుకే.

కారు మీద జెండాల విషయం 2002 నాటి జెండా నియమావళిలోనే ఉంది. విదేశీ అతిథి ప్రభుత్వ కారులో వెళ్లేటప్పుడు మన జెండా కారుకు కుడివైపు, వాళ్ల జెండా ఎడమవైపు. కుడి అంటే డ్రైవర్ కూర్చునే వైపు. కారు ముక్కు ప్రేక్షకుల వైపు పెడితే మన జెండా వాళ్లకు ఎడమ చేతి పక్క కనిపిస్తుంది, కంగారు పడకండి.

ఫిరంగుల గురించి ఇంకెవరైనా రాస్తారేమో చూస్తా. మా పాపను బస్టాండు నుంచి తీసుకురావాలి.

బనగానపల్లె వాడు

ఫిరంగుల మాట వచ్చింది కాబట్టి మా ఊరు మాట్లాడాల్సిందే.

మేడమ్, అవి ఫిరంగులే. పేపర్లు తుపాకులు అని రాస్తాయి కాబట్టి పిల్లలు రైఫిళ్లు అనుకుంటారు. గుండు ఉండదు, మందు మాత్రమే. చప్పుడు, పొగ. దీని మూలం ఓడల్లో ఉందంటారు. రేవుకు వచ్చే ఓడ తన ఫిరంగులన్నీ సముద్రం వైపు పేల్చి ఖాళీ చేసుకుంటే "మీ మీదికి రావడం లేదు" అని చెప్పినట్టు. మళ్లీ మందు కూరాలంటే టైం పట్టే రోజులు అవి. ఓడ ఏడు పేలిస్తే ఒడ్డు మీద కోట ఒక్కోదానికి మూడు చొప్పున జవాబిచ్చేదని, అట్లా ఇరవై ఒకటి అయిందని చెప్పుకుంటారు.

బ్రిటిష్ వాళ్లు దీన్ని మన రాజులను వరుసలో నిలబెట్టడానికి వాడుకున్నారు. ఎవరికి ఎన్ని ఫిరంగులో లిస్టు. ఇంగ్లండ్ చక్రవర్తికి 101, వైస్రాయికి 31. సంస్థానాధీశులకు 21 నుంచి కిందికి రెండేసి తగ్గిస్తూ 9 వరకు. హైదరాబాద్ నిజాంకు, మైసూరు మహారాజుకు 21. మా బనగానపల్లె నవాబుకు 9. నవ్వకండి, మన దేశంలో ఒక్క ఫిరంగి కూడా దక్కని సంస్థానాలు వందల్లో ఉన్నాయి. చుట్టూ బ్రిటిష్ వాళ్ల జిల్లాలు, మధ్యలో మామిడి తోటలతో మా చిన్న సంస్థానం. అయినా లిస్టులో పేరుంది. 1948లో దేశంలో కలిసిపోయింది. 1971లో రాజభరణాలతో పాటు ఆ గుర్తింపులూ పోయాయి. ఇప్పుడు టూరిస్టులు వచ్చి సినిమా తీసిన నవాబు బంగ్లా ఎక్కడ అని అడుగుతారు, తొమ్మిది ఫిరంగుల గురించి ఎవరూ అడగరు.

ఇప్పటి లెక్క తేలిక. దేశాధినేతకు 21, ప్రభుత్వాధినేతకు, అంటే ప్రధానికి, 19. చిన్న దేశమా పెద్ద దేశమా అన్న తేడా లేదు. మారిషస్ అధ్యక్షుడికీ అమెరికా అధ్యక్షుడికీ అదే ఇరవై ఒకటి. నాకు ఇందులో నచ్చింది ఇదే, పాత లిస్టులో లేనిది కూడా ఇదే.

లండన్లో మాత్రం ఇంకా పాత లెక్కలే. వాళ్ల రాజుగారి పార్కులో పేలిస్తే 21కి 20 కలిపి 41, లండన్ టవర్ దగ్గరైతే 62.

కర్నూలు సోషల్ టీచర్

హవల్దార్ గారూ, బనగానపల్లె అన్నా, చాలా థాంక్స్. 9 ఫిరంగుల సంగతి చెప్తే క్లాసంతా ఒక్కసారి లేచింది. మామిడిపండుకు తప్ప బనగానపల్లెకు ఇంకో పేరుందని వాళ్లకు తెలియదు, నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకో చిక్కు. ఇండోనేషియా గీతం ఫోన్లో పెట్టి చూశాం. మన 52 సెకన్ల కంటే బాగా ఎక్కువసేపు ఉంది. అంతసేపు పిల్లలు కదలకుండా ఉండరు. కొంచెమే వేయొచ్చా? అలాగే అతిథి పాత్ర వేసే అబ్బాయి వాళ్ల నాన్న కువైట్‌లో ఉంటారు. "మా నాన్న వాళ్ల దగ్గర కాఫీతో స్వాగతం చెప్తారంట మేడమ్" అంటాడు. నిజమేనా? ఇతర దేశాల స్వాగతాలు ఒక చార్టు మీద రాయిద్దామని ఉంది.

రాజంపేట నుంచి కువైట్

మేడమ్, ఆ అబ్బాయి చెప్పింది నిజం. మాది రాజంపేట దగ్గర పల్లె. ఇక్కడ ఒక ఇంట్లో డ్రైవరుగా ఉన్నాను. మా బాబా (ఇంటి యజమానిని ఇక్కడ అట్లానే పిలుస్తాం) ఇంటికి ఎవరొచ్చినా, పెద్ద షేక్ వచ్చినా పక్కింటాయన వచ్చినా, మొదట గహ్వా. మన కాఫీ అనుకోవద్దు. పాలు ఉండవు, చక్కెర ఉండదు, యాలకుల వాసన. రంగు చూస్తే పలచటి కషాయం. పిడి లేని చిన్న కప్పు, దాన్ని ఫింజాన్ అంటారు. పోసేవాడు ఎడమ చేత్తో కూజా పట్టుకుని కుడి చేత్తో కప్పు ఇస్తాడు. మనం కూడా కుడి చేత్తోనే తీసుకోవాలి. అడుగున కొంచెమే పోస్తారు. నిండా పోస్తే తాగి లేచి వెళ్లమన్నట్టు. తాగి కప్పు ఊరికే ఇస్తే మళ్లీ పోస్తాడు, పోస్తూనే ఉంటాడు. చాలు అనాలంటే కప్పును అటూ ఇటూ కొంచెం ఆడించి ఇవ్వాలి. కొత్తగా వచ్చినవాళ్లకు ఇది తెలియక తాగుతూ పోతారు, మేం చెప్పేదాకా. తర్వాత బఖూర్ తెస్తారు, మన సాంబ్రాణి లాగా పొగ. బట్టలకు పట్టించుకుంటారు.

దేశాల స్థాయిలో కూడా ఈ కాఫీ ఉంటుంది. ప్యాలెస్‌లో ఏ అధ్యక్షుడు కూర్చున్నా చేతిలో అదే చిన్న కప్పు, టీవీలో గమనించండి. 2024 డిసెంబర్‌లో మోదీ గారు ఇక్కడికి వచ్చినప్పుడు బయాన్ ప్యాలెస్‌లో గౌరవ వందనం ఇచ్చారు. 43 ఏళ్ల తర్వాత ఒక భారత ప్రధాని కువైట్ రావడం అది. అంతకుముందు వచ్చింది 1981లో ఇందిరాగాంధీ. మా రూములో రాయచోటి వాళ్లు, కడప వాళ్లు అందరం కలిసి ఫోన్లోనే చూశాం. మాకు ఆరోజు సెలవు ఏమీ లేదు.

చార్టుకు ఇంకొన్ని. ఎమిరేట్స్‌లో అయితే మగవాళ్లు రెండు వరుసలుగా ఎదురెదురు నిలబడి సన్నటి వెదురు కర్రలు ఊపుతూ పాడతారు, ముందు ఆడపిల్లలు జుట్టు విరబోసుకుని అటూ ఇటూ విసురుతారు. అల్ అయ్యాలా అంటారు. 2025 మేలో ట్రంప్ అబుదాబి వచ్చినప్పుడు ఆ వీడియో మన ఊళ్లో కూడా అందరి ఫోన్లలో తిరిగింది. కొందరు పూనకం అని రాశారు, అదేం కాదు, అది వాళ్ల పాత ఆట. ఇంకోటి, సౌదీలో ఎర్ర తివాచీ లేదు. 2021 నుంచి లేత ఊదా రంగు వేస్తున్నారు. వానలు పడ్డాక ఎడారిలో పూసే పూల రంగు అది.

పెనుకొండ చరిత్ర పిచ్చి

చరిత్ర ఎం.ఏ. చేసి అనంతపురంలో ఇంకో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. ఇట్లాంటి ప్రశ్న కోసం ఎన్నాళ్లుగానో కాచుకుని ఉన్నా.

టీచర్ గారూ, ఢిల్లీ దాకా ఎందుకు, మన పక్కనే ఉన్న హంపిలో విదేశీ దూతను ఎలా ఆదరించారో ఆ దూతే రాసిపెట్టాడు. పేరు అబ్దుర్ రజాక్. హెరాత్ (ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లో ఉంది) నుంచి పాలించే తైమూరు వంశపు షారుఖ్ పంపిన దూత. 1443లో విజయనగరం చేరాడు. రాజు రెండో దేవరాయలు. ఆయన ఇచ్చిన ఆతిథ్యం లెక్కతో సహా ఉంది. బసకు రోజూ రెండు గొర్రెలు, నాలుగు జతల కోళ్లు, బియ్యం, వెన్న, చక్కెర, పైన రెండు వరహాలు వచ్చేవి. వారానికి రెండుసార్లు సాయంత్రం పూట రాజు పిలిపించుకునేవాడు. పిలిచిన ప్రతిసారీ తాంబూలం, ఫణాల (అప్పటి చిన్న నాణేలు) సంచి, కర్పూరం. దూత తెచ్చిన కానుకలు ఐదు గుర్రాలు, పళ్లేల్లో పట్టు బట్టలు. గుర్రాల కోసం విజయనగరం ఎంత ఖర్చు పెట్టేదో తెలిసినవాళ్లకు ఆ కానుక విలువ అర్థమవుతుంది.

నాకు ఇష్టమైన భాగం తర్వాతది. పర్షియా గల్ఫ్ రేవు హోర్ముజ్ నుంచి వచ్చిన వర్తకులు కొందరు "ఇతను అసలు దూతే కాదు, ఏదో వ్యాపారి" అని ఊళ్లో పుకారు లేపారు. దాంతో వచ్చే మర్యాదలు తగ్గిపోయాయి. పాపం ఆయన ఆ బాధంతా రాసుకున్నాడు. ఇప్పుడు రాయబారులు రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి తమ దేశాధినేత సంతకం ఉన్న పత్రం స్వయంగా అందిస్తారే, ఆ పద్ధతికి విలువ ఎక్కడిదో ఈ కథతో పిల్లలకు తెలుస్తుంది.

ఇంకో డెబ్బై ఏళ్లకు పోర్చుగీసు వాళ్లు కృష్ణదేవరాయల దర్శనానికి వచ్చారు. వచ్చినవాళ్ల నాయకుడికి రాయలు జరీ అంగీ, టోపీ ఇచ్చాడని డొమింగో పేస్ రాశాడు. తిరుమలకు ఏ దేశాధినేత వచ్చినా వేదాశీర్వచనం చేసి శేషవస్త్రం కప్పుతారు కదా, 2014లో శ్రీలంక అధ్యక్షుడు రాజపక్స వచ్చినప్పుడు కూడా. బట్ట కప్పి గౌరవించడం మన దగ్గర తెగిపోలేదు.

1565 తర్వాత రాజధాని మా పెనుకొండకు వచ్చింది. ఈ మాట ఏ టాపిక్ అయినా చెప్తాను, ఇక్కడి పాతవాళ్లకు తెలుసు.

చార్టుకు నా వంతు: రష్యాలో రొట్టె, ఉప్పు. అతిథి రొట్టె ముక్క తుంచి ఉప్పులో అద్దుకుని తినాలి. భూటాన్‌లో పట్టు కండువా. న్యూజిలాండ్‌లో మావోరీ యోధుడు ఈటె తిప్పుతూ మీదికి వచ్చినట్టు వచ్చి నేల మీద ఒక చిన్న కొమ్మనో బాణం లాంటిదో పెడతాడు. అతిథి చూపు తిప్పకుండా దాన్ని తీసుకోవాలి. తీసుకుంటే శాంతితో వచ్చినట్టు. తర్వాత ముక్కూ ముక్కూ ఆనించి పలకరింపు. మీ పిల్లలకు ఇది చూపిస్తే ఇండోనేషియాను మార్చేస్తామంటారు, జాగ్రత్త.

ఒక తండ్రి, కడప

అందరూ బాగా రాశారు గానీ ఒక మాట. ఇట్లాంటి స్వాగతాల్లో రోడ్డు పక్కన చిన్న జెండాలు పట్టుకుని నిలబడేది ఎవరు? పిల్లలే. మా పాప ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఎవరో పెద్దాయన వస్తున్నారని పొద్దున్నే నిలబెట్టారు. కార్లు వచ్చింది మధ్యాహ్నం, అద్దాలు కూడా దించలేదు. మంచినీళ్ల ఏర్పాటు లేదు. టీచర్ గారు మంచిగా చేస్తున్నారు, వారిని అనడం లేదు. ఆ ప్రదర్శనలో జెండాలు ఊపే పిల్లల సీను ఉంటే వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టండి. అతిథికి ఏ లోటూ రాదు.

మాజీ హవల్దార్, ప్రొద్దుటూరు

కడప అన్న చెప్పినదానికి నేను పూర్తిగా ఒప్పుకుంటా. మాకు జీతం ఇచ్చి నిలబెట్టారు, పిల్లలకు ఏమిచ్చారు?

టీచర్ గారూ, మిగిలినవి ఒక్కొక్కటీ.

గీతం పొడవు గురించి. అన్ని దేశాల గీతాలూ మనదంత చిన్నవి కావు. ఉరుగ్వే గీతం పూర్తిగా వాయిస్తే నిమిషాలు నిమిషాలు పోతుంది. స్పెయిన్ గీతానికి మాటలే లేవు, ఉత్త సంగీతం. మీరు మొదటి చరణం పెట్టుకోండి. మధ్యలో టక్కున ఆపకుండా చరణం పూర్తయ్యే చోట ఆపండి. జనగణమన మాత్రం పూర్తిగా.

జెండా విషయంలో చాలా జాగ్రత్త. ఇండోనేషియాది ఎరుపు పైన. తలకిందులైతే అది పోలండ్ జెండా అవుతుంది, పిల్లలు హడావుడిలో అట్లానే కడతారు. పెద్దవాళ్లకే ఇది తప్పలేదు. 2010లో న్యూయార్క్ సమావేశంలో ఫిలిప్పీన్స్ జెండాను తలకిందులు పెట్టారు. ఆ దేశం ఎరుపు పైకి వచ్చేలా ఎగరేస్తే యుద్ధంలో ఉన్నట్టు లెక్క. అమెరికా వాళ్లు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. 2015లో కౌలాలంపూర్లో మన ప్రధాని, జపాన్ ప్రధాని కలిసిన చోట మన జెండాకే ఆ గతి పట్టింది. జెండా పై అంచున లోపలి వైపు చిన్న దారం గుర్తు కుట్టించండి, కట్టేవాళ్లు తడిమి చూసుకుంటారు. స్టేజీ మీద రెండు కర్రలూ ఒకే ఎత్తు, రెండు జెండాలూ ఒకే సైజు.

పూర్ణకుంభం గొడవకు నా తీర్పు. రాష్ట్రపతి భవన్ వాకిట్లో నేను చూసింది ఉత్త సైనిక మర్యాద. కానీ అతిథి ఢిల్లీ దాటి వెళ్తే ఆ ఊరి పద్ధతి ఉంటుంది. 2015లో జపాన్ ప్రధాని అబేను కాశీలో గంగా హారతికి తీసుకెళ్లారు. 2019లో చైనా అధ్యక్షుడు మహాబలిపురం వచ్చినప్పుడు మన ప్రధాని పంచె కట్టుకుని ఎదురెళ్లారు. కాబట్టి రెండు సీన్లు వేయండి. మొదటిది ఢిల్లీ, అందులో కవాతు. రెండోది ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు, అందులో పూర్ణకుంభం, గొరవయ్యల ఆట, ఇంకా మీ హెడ్మాస్టర్ గారికి ఏం కావాలంటే అది. ఇద్దరు సార్లూ గెలుస్తారు.

ఫిరంగుల చప్పుడుకు టపాసులు వద్దు. తప్పెట వాయించేవాళ్లను పిలవండి, రిపబ్లిక్ డే కవాతులో లాగా గీతం మొదలైనప్పుడు మొదటి దెబ్బ, అయిపోయేసరికి ఇరవై ఒకటోది పడాలి. అక్కడ ఒక్కో దెబ్బకు మధ్య రెండు సెకన్లకు కొంచెం ఎక్కువ ఉంటుంది. ఫోన్లో గడియారం పెట్టుకుని రెండు మూడుసార్లు చేస్తే చేయి కుదురుతుంది.

బగ్గీ గురించి మీరు అడగలేదు గానీ పిల్లలు అడుగుతారు. ఈ స్వాగతంలో బగ్గీ ఉండదు. రిపబ్లిక్ డే నాడు వాడేవాళ్లు, మధ్యలో మానేశారు. 2024లో ముర్ము గారు, ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ అందులో వచ్చారు, 40 ఏళ్ల తర్వాత. దేశ విభజనప్పుడు ఆ బగ్గీ మనకా పాకిస్తాన్‌కా అన్నది నాణెం ఎగరేసి తేల్చారని చెప్పుకుంటారు. అట్ట మిగిలితే చేయించండి, లేకపోతే వదిలేయండి.

ఆఖరుది, మీ స్కూల్లో ఎవరైనా సార్లు అందరితో సెల్యూట్ కొట్టిస్తామంటే ఒప్పుకోవద్దు. తల మీద టోపీ లేకుండా మన ఆర్మీలో సెల్యూట్ కొట్టరు. యూనిఫాంలో, టోపీతో ఉన్న పిల్లలు కొడతారు. రాష్ట్రపతి, అతిథి, మంత్రులుగా వేసినవాళ్లు గీతం సాగినంతసేపూ నిటారుగా నిలబడితే చాలు. టోపీలకు కర్నూల్లోనే ఎన్‌సీసీ ఉన్న ఏ కాలేజీని అడిగినా ఇస్తారు, ముందురోజే తెచ్చి సైజులు చూసుకోండి.